దానియేలు 70 వారాలు: ఫ్లెక్స్ ప్రింటుకు పోయే ముందు లెక్క సరిచూడండి

కడప_చిన్నోడు
అందరికీ వందనాలు. యూత్ బైబిల్ స్టడీకి దానియేలు 9:24-27 మీద ఆరడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఫ్లెక్స్ వేయాల. ఏడు రోడ్ల కాడ ప్రింటింగుకు ఇచ్చేలోపు మూడు సంగతులు తేల్చండి.
ఒకటి, ఆ వచనాల్లో యెరూషలేము కట్టే ఆజ్ఞ మొదలు అభిషిక్తుడు వచ్చేదాకా 7 + 62 వారాలు, ఆఖర్న ఇంకొక వారం ఉన్నాయి; వారమంటే ఏడేండ్లని చార్టులు లెక్కేస్తాయి. క్రీ.పూ. 445లో మొదలుపెట్టి 69 వారాలు, అంటే 483 ఏండ్లు కలిపితే క్రీ.శ. 38 వస్తాంది. సిలువ 30 అనో 33 అనో అంటారు. యాడ తప్పినట్టు?
రెండు, "యెరూషలేమును మరల కట్టించే ఆజ్ఞ" అంటే ఏ ఆజ్ఞ? ఒక్కో చార్టులో ఒక్కో రాజు ఉన్నాడు.
మూడు, పిల్లోళ్ళు కచ్చితంగా అడిగేది ఇదే: దేవునికి ముందే తెలిసినప్పుడు యేసును పట్టించిన యూదా ఇస్కరియోతును తప్పు పట్టేదెట్ల?

గుత్తి_కోట
తమ్ముడూ, ముందు సున్నా సంగతి చూడు. క్రీ.పూ. 1 ముగిసిన మరుసటి రోజే క్రీ.శ. 1. నడుమ సున్నా సంవత్సరమే లేదు. అందుకని అటు సంఖ్యా ఇటు సంఖ్యా కూడి, ఒకటి తీసెయ్. 457లో మొదలైతే 457 + 27 - 1 = 483, కాబట్టి క్రీ.శ. 27కు వస్తావు. ఈ పద్ధతిలో నీ 445కు మామూలు ఏండ్లు కలిపితే 38 కాదు, 39. గురికి ఇంకా దూరం పోయినావు.

ఈ ఒక్క ఏడాదిని తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో విలియం మిల్లర్ దానియేలు 8:14లోని 2300 దినాలను ఏండ్లుగా తీసుకుని, 457 నుంచి లెక్కగట్టి 1843 అన్నాడు. సున్నా సంవత్సరం లేదన్నది తర్వాత తట్టి 1844కు జరిపినారు, అక్టోబర్ 22 అని రోజు కూడా పెట్టినారు. కూడిక సరిపోయింది, ఆ రోజు మాత్రం ఊరికే గడిచిపోయింది.

ఇక ఆజ్ఞలు. పోటీలో నాలుగున్నాయి. పారసీక రాజు కోరెషు మొదటి ఏట ఇచ్చింది (ఎజ్రా 1, క్రీ.పూ. 538 ప్రాంతం), దర్యావేషు దాన్నే మళ్ళీ ఖాయం చేసింది (ఎజ్రా 6): ఈ రెంటిలో రాసింది మందిరం గురించి, పట్టణం గురించి కాదు. మూడోది అర్తహషస్త రాజు ఏడో ఏట ఎజ్రా చేతికిచ్చిన తాకీదు (ఎజ్రా 7, క్రీ.పూ. 457). నాలుగోది అదే రాజు ఇరవయ్యో ఏట నెహెమ్యాకు ఇచ్చిన జాబులు (నెహెమ్యా 2). కోటగుమ్మాలకూ ప్రాకారానికీ మాను ఇమ్మని అడవి అధికారికి రాసిచ్చింది దీంట్లోనే. "పట్టణం కట్టడం" అన్న మాటకు సూటిగా తగిలేది నాలుగోదే. కానీ మామూలు ఏండ్లతో సరిపోయేది మూడోది. తగాదా అంతా ఇక్కడే.

నాలుగోదాన్ని పట్టుకున్నోళ్ళు 360 రోజుల ఏడాది వాడతారు. ప్రకటన 11:2-3లో 42 నెలలూ 1260 దినాలూ ఒకటే కదా, అంటే నెలకు 30. ఆదికాండం 7:11, 7:24, 8:4 కలిపి చూస్తే అయిదు నెలలకు 150 దినాలు, అదీ అంతే. 483 × 360 = 1,73,880 రోజులు. సూర్యమానం ప్రకారం 476 ఏండ్లంటే 365.2422 × 476, సుమారు 1,73,855 రోజులు. మిగిలేది 25. రాబర్ట్ ఆండర్సన్ అనే రచయిత దీన్ని 445 మార్చి 14న మొదలుపెట్టి క్రీ.శ. 32 ఏప్రిల్ 6కు చేర్చినాడు. తర్వాత హెరాల్డ్ హోనర్ అనే బైబిల్ పండితుడు 444 మార్చి 5 నుంచి 33 మార్చి 30కి మార్చినాడు. నీ చార్టులో 445 మొదలూ 33 ముగింపూ రెండూ కనపడితే ఎవరో ఇద్దరి లెక్కలనూ అతికించినట్టే. (మన సీమలో లెక్క అంటే దుడ్డు. ఇదీ అట్లాంటిదే, ఒకరిది ఇంకొకరి ఖాతాలో రాస్తే కుదరదు.)

కడప_చిన్నోడు
అన్నా, 445, 444లో ఏది రాసేది? ఇరవయ్యో ఏడు అంటే ఒకటే ఏడు కదా?

గుత్తి_కోట
నెహెమ్యా 1:1, 2:1 పక్కపక్కన పెట్టి చదువు. 1:1లో కిస్లేవు నెల, ఇరవయ్యో ఏడు. 2:1లో నీసాను నెల, అప్పటికీ ఇరవయ్యో ఏడే. కిస్లేవు చలికాలంలో వస్తుంది, నీసాను ఆ తర్వాత నాలుగో నెల. ఏడాది నీసానులో మారేదైతే 2:1లో ఇరవై ఒకటి పడాల. పడలేదు. అంటే నెహెమ్యా ఏడాదిని తిష్రీ నుంచి, ఆశ్వయుజం ప్రాంతం నుంచి, లెక్కబెడతాండాడు. అట్ల చూస్తే ఆ నీసాను క్రీ.పూ. 444 వసంతానికి వస్తుంది. పారసీక పద్ధతిలో నీసాను నుంచే ఏడాది మొదలుపెడితే 445. ఏది పెట్టినా కింద పద్ధతి రాసెయ్.

పెన్నమ్మ
ఫ్లెక్స్‌లో "వారము" అని రాసి ఊరుకుంటే పిల్లలు ఏడు రోజులనుకుంటారు. హీబ్రూలో ఆ మాటకు "ఏడింటి గుంపు" అని అర్థం. రోజులా ఏండ్లా అన్నది సందర్భం చెప్పాలి. ఇక్కడ 9:2లోనే డెబ్బై "సంవత్సరాలు" ఉన్నాయి కాబట్టి ఏండ్లు. లేవీకాండం 25:8లో ఏడేసి ఏండ్లు ఏడుసార్లు లెక్కబెట్టి 49 చేసిన పద్ధతి కూడా ఇదే. 2 దినవృత్తాంతములు 36:21 డెబ్బై ఏండ్ల చెరను నేల అనుభవించని విశ్రాంతి సంవత్సరాలకు ముడిపెడుతుంది. డెబ్బై విశ్రాంతులంటే 490 ఏండ్ల బాకీ. దేవదూత గబ్రియేలు దానియేలుకు తెచ్చిన సంఖ్య కూడా అదే 490. చార్టుల్లో ఈ ముడి ఎక్కడా కనపడదు, అందరూ నేరుగా తారీకుల మీద పడతారు.

ఇంకొకటి. 9:25 హీబ్రూ పాఠంలో "ఏడు వారాలు" అన్నచోట అత్నాహ్ అనే విరామ గుర్తు ఉంది. దాన్ని పాటిస్తే ఏడు వారాలు ఒక వాక్యంలో, అరవై రెండు ఇంకో వాక్యంలో పడతాయి. పాటించకపోతే రెండూ కలిసి 69. ఆ గుర్తులు పెట్టింది క్రీస్తు తర్వాత చాలా శతాబ్దాలకు వచ్చిన మసొరేతు పండితులు. మీ చేతిలోని తెలుగు బైబిల్లో చుక్క ఎక్కడుందో చూసి, అదే ఫ్లెక్స్ మీద పెట్టండి. వచనం ఒక రకంగా, గీత ఇంకో రకంగా ఉంటే వెనక వరసలో కూర్చున్నోడే పట్టేస్తాడు.

ఎర్రనేల
ఇంకో పక్షం కూడా చెప్పకపోతే అన్యాయం. క్రీ.శ. మూడో శతాబ్దంలోనే పోర్ఫిరీ అనే తత్త్వవేత్త, దానియేలు గ్రంథం యూదులను హింసించిన గ్రీకు రాజు అంతియొకస్ ఎపిఫనేస్ కాలంలో, అంటే క్రీ.పూ. 160ల్లో రాసిందన్నాడు. క్రైస్తవ పండితుడు జెరోమ్ దానికి జవాబు రాశాడు. నేటి విశ్వవిద్యాలయ పండితుల్లో ఎక్కువమందిది పోర్ఫిరీ మాటే. వాళ్ళ లెక్కలో చివరి వారం క్రీ.పూ. 171 నుంచి 164. 9:26లో నరికివేయబడిన అభిషిక్తుడు ప్రధాన యాజకుడు మూడో ఓనియా.

గుత్తి_కోట
ఎర్రనేల గారూ, ఆ లెక్కకూ చిల్లు ఉంది కదా. పట్టణం పడిన 587 నుంచి 538కి 49, ఏడు వారాలు భేషుగ్గా సరిపోయినాయి. అక్కడి నుంచి 62 వారాలు, అంటే 434 ఏండ్లు పోతే క్రీ.పూ. 104 వస్తుంది. వాళ్ళకు కావాల్సింది 171. అరవై ఏడేండ్లు ఎక్కువ. 434ను 605 నుంచి మొదలుపెడితే 171 వస్తుంది గానీ, అప్పుడు ఏడూ అరవై రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

ఎర్రనేల
ఒప్పుకుంటా. అందుకే వాళ్ళు దాన్ని రాసినాయన చేసిన గుండ్రటి లెక్క అంటారు. నేననేది, ఏ పక్షమూ తైలం పూసినట్టు నున్నగా లేదని. ఫ్లెక్స్ మీద "కచ్చితంగా రోజుతో సహా" అని రాయొద్దు. యూదుల క్యాలెండర్‌లో రెండు మూడేండ్లకొకసారి అధిక మాసం కలిపేవాళ్ళు, లేకుంటే పస్కా వసంతంలో రాదు. నిఖార్సుగా 360 రోజుల ఏడాదితో 476 ఏండ్లు బతికినోళ్ళు ఎవరూ లేరు.

యెషయా విషయంలో మాత్రం మీ చేతిలో గట్టి సరుకుంది. 1947లో మృత సముద్రం దగ్గర కుమ్రాను గుహలో దొరికిన పెద్ద యెషయా చుట్ట సుమారు 7.3 మీటర్లు, 54 నిలువు వరుసలు. క్రీస్తుకు నూరేండ్లకు పైగా ముందుది. శ్రమపడే సేవకుని గురించిన 53వ అధ్యాయం అందులో ఉంది. "సిలువ తర్వాత క్రైస్తవులు రాసి చేర్చినారు" అన్న వాదన దాంతో నిలవదు. దాని అర్థం ఏమిటన్నది వేరే చర్చ.

గుత్తి_కోట
అదే మంచి పద్ధతి. యిర్మీయా చెప్పిన బబులోను దాస్యం 70 ఏండ్లు (25:11, 29:10) కూడా అట్లే చూడాల. 609లో అష్షూరు రాజ్యం ముగిసినప్పటి నుంచి 539లో బబులోను పడేదాకా 70. 586లో (పైన 587 అన్నదీ ఇదే, పండితులు రెండూ అంటారు) మందిరం కాలినప్పటి నుంచి దర్యావేషు ఆరో ఏట అదారు నెలలో మళ్ళీ పూర్తయ్యేదాకా (ఎజ్రా 6:15, క్రీ.పూ. 516-515) అదీ దాదాపు 70. దానియేలును తీసుకుపోయిన 605 నుంచి కోరెషు ఆజ్ఞ (538) దాకా లెక్కబెడితే 67 దగ్గర ఆగుతుంది. యిర్మీయా మాట "బబులోను రాజుకు దాసులై ఉండటం" గురించి కాబట్టి నా ఓటు మొదటిదానికి.

ఇంకొక పొరపాటు కూడా చూసుకో. కోరెషు మట్టి శాసనం 1879లో బబులోనులో దొరికింది, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. "అందులో యూదుల పేరుంది" అని సభల్లో చెప్తారు. లేదు. చెరపట్టిన జనాలను వాళ్ళ ఊర్లకు పంపి, దేవస్థానాలు నిలబెట్టే విధానం అందులో ఉంది, అదీ బబులోనువాళ్ళ మర్దూకు దేవుడే తనను ఏరుకున్నాడనే గొప్పతో. యెషయా 45:4లో "నీవు నన్ను ఎరుగవు" అన్న మాట పక్కన పెట్టి చదివితే ఇంకా బాగుంటుంది గానీ, లేని పేరు ఉందని చెప్పొద్దు.

తుంగభద్ర_గట్టు
చిన్నోడి మూడో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు.

తికమక అంతా "తప్పక" అనే మాటలో ఉంది. "దేవునికి తెలిసింది తప్పక జరుగుతుంది." ఇక్కడ "తప్పక" అన్నది వాక్యం మొత్తానికి తగులుతుందా, జరిగే పనికి తగులుతుందా? బ్రహ్మచారి అయితే పెండ్లి కానివాడు, ఇది తప్పని మాట. అంతమాత్రాన ఆయన పెండ్లి చేసుకోలేడని కాదు. చేసుకుంటే మనం ఆయన్ని బ్రహ్మచారి అనం, అంతే. అట్లే యూదా యేసును అమ్మకుండా ఉండుంటే, దేవునికి మొదటినుంచీ తెలిసుండేది "అమ్మడు" అనే. తెలివి పనిని పట్టుకుని నిలబడుతుంది, పని తెలివిని పట్టుకుని కాదు. పంచాంగంలో రాసినందుకు గ్రహణం పట్టదు కదా.

క్రీ.శ. ఆరో శతాబ్దంలో బొయేతియస్ అనే తత్త్వవేత్త చెరసాలలో కూర్చుని ఇంకో దారి చూపినాడు: దేవునికి "ముందు" అనేదే లేదు, అన్నీ ఇప్పుడే. కొండారెడ్డి బురుజు మీద నిలబడినోడికి ఈ వీధిలో వచ్చే బండీ ఆ వీధిలో వచ్చే బండీ ఒకేసారి కనపడినట్టు. కింద నడిచేవాడికి మూల తిరిగితే గానీ తెలియదు.

కడప_చిన్నోడు
అన్నా, బురుజు మీదోడు ఊరికే చూస్తాడు. యెషయా 46:10-11లో దేవుడు "తెలుసు" అని ఊరుకోలే, "చేస్తా" అంటాండాడు. పంచాంగం కూడా అంతే, గ్రహణాన్ని అది తేలేదు.

తుంగభద్ర_గట్టు
భలే పట్టినావు. పోలికలు విరిగేది అక్కడే. యెషయా 40-48లో విగ్రహాలతో పందెం "ఎవరు చూడగలరు" అని మాత్రమే కాదు, "ఎవరు చెప్పి నెరవేర్చగలరు" అని. అపొస్తలుల కార్యములు 2:23 ఒకే వాక్యంలో మూడూ పెట్టింది: దేవుని నిశ్చయ సంకల్పం, ఆయన భవిష్యద్‌జ్ఞానం, మీ దుష్టుల చేతులు. ఏ ఒక్కదాన్నీ తీసెయ్యలేదు. లూకా 22:22 కూడా అంతే, నిర్ణయించిన ప్రకారం పోతున్నాడు, అయినా అప్పగించేవాడికి శ్రమ.

ఈ మూడింటినీ ఎట్ల కట్టాలన్న దగ్గరే సంఘాలు చీలినాయి. ఇంగ్లండులో రాసిన 1646 వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం మూడో అధ్యాయం, ముందుగా చూసినందువల్ల దేవుడు నిర్ణయించలేదు, నిర్ణయమే మొదలు అంటుంది. అదే అధ్యాయంలో మనుషుల చిత్తానికి బలవంతం జరగలేదనీ అంటుంది. డచ్ పండితుడు అర్మీనియస్ దారిలోనోళ్ళు రోమా 8:29, 1 పేతురు 1:2 చూపి ముందెరిగి ఏర్పరచుకున్నాడంటారు. స్పెయిన్ యేసుసభ పండితుడు లూయిస్ దె మొలినా 1588లో మూడో దారి తీసినాడు: ఎవడు ఏ పరిస్థితిలో ఏం చేసుండేవాడో కూడా దేవునికి తెలుసు, దాన్ని బట్టి లోకాన్ని ఏర్పాటు చేసినాడు.

మొలినాకు బాగా అక్కరకొచ్చే చోటు 1 సమూయేలు 23. దావీదు కెయీలాలో ఉన్నాడు. ఏఫోదు (దేవుని అడిగేటప్పుడు వాడే యాజకుని వస్త్రం) తెప్పించి దేవుని రెండు ప్రశ్నలడిగినాడు: సౌలు దిగివస్తాడా? వస్తాడు. ఈ ఊరోళ్ళు నన్ను పట్టిస్తారా? పట్టిస్తారు. దావీదు ఆరువందల మందితో లేచిపోయినాడు. సౌలు రాలేదు, ఊరోళ్ళు పట్టించలేదు. దేవుడు చెప్పింది జరగలేదు, అబద్ధమూ కాలేదు. "నువ్వు ఇక్కడే ఉంటే" అన్నది లోపల దాగి ఉంది. ఫ్లెక్స్‌లో చోటుంటే ఈ నాలుగు వచనాలు (23:10-13) పెట్టు. మూడో ప్రశ్న అడిగే పిల్లోళ్ళకు ఏ సిద్ధాంతం పేరు కన్నా ఇది బాగా దిగుతుంది.

పెన్నమ్మ
తెలియడం వేరు, మొహం మీద చెప్పడం వేరు. చెప్పిన మాట వినేవాడి చెవిలో పడి, ఆ తర్వాత జరిగేదాంట్లో అదీ ఒక భాగమవుతుంది. పేతురుకు యేసు, కోడి కూయకముందు మూడుసార్లు నన్నెరగనంటావు అని లెక్కతో సహా చెప్పినారు. చావనైనా చస్తా గానీ అట్ల అననన్నాడు. అన్నాడు. మత్తయి 26:75 చూడండి, కోడి కూసినాక గానీ ఆ మాట గుర్తుకు రాలేదు. చేసింది మంట కాడ పుట్టిన భయం, ప్రవచనం కాదు. పైగా లూకా 22:32లో "నీ మనసు తిరిగినప్పుడు" అని ఇంకో ప్రవచనం కూడా అదే ఊపిరిలో ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు.

దానియేలు 9:2-3 కూడా అట్లాంటిదే. యిర్మీయా చదివి డెబ్బై ఏండ్లని తెలుసుకున్నాడు. గడువు దగ్గరకొచ్చింది, ఎటూ జరిగేదే కదా అని గమ్మున కూర్చోలేదు. గోనెపట్ట కట్టుకుని, బూడిద పోసుకుని ప్రార్థన చేశాడు. యిర్మీయా 29:10లో గడువు, 29:12లో "అప్పుడు మీరు నాకు మొరపెడతారు" అని ఉంది. ఆ ప్రార్థన కూడా ప్రవచనంలోదే.

బనగానపల్లె_బాట
చర్చ బాగుంది. ఈ వైపు వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం వినని ఇల్లు లేదు. పిల్లలు "వాళ్ళకూ నెరవేరినాయి కదా" అంటారు. ఎట్ల మాట్లాడాల?

పెన్నమ్మ
ముందు ఎగతాళి వద్దు. పక్కింటోళ్ళు పూజించే పేరు అది. అడగాల్సినవి ఏ గ్రంథానికైనా ఒకటే: ఈ పాఠం ఎప్పటికి స్థిరపడింది, సంఘటనకు ముందటి ప్రతి ఉందా, మాట ఇంకో పదింటికి కూడా సరిపోయేంత వదులుగా ఉందా. కాలజ్ఞానం తాళపత్రాల్లో, పాడేవాళ్ళ నోళ్ళలో రకరకాలుగా వచ్చింది కాబట్టి ఒక్కో చరణానికీ ఈ ప్రశ్న వేయాల్సిందే. యెషయాకు కుమ్రాను చుట్ట ఉన్నట్టు దానియేలుకు క్రీ.పూ. ఆరో శతాబ్దపు ప్రతి మన దగ్గర లేదు, అదీ దాచకుండా ఒప్పుకోవాల. తూకం ఇద్దరికీ ఒకటే రాయి.

ద్వితీయోపదేశకాండం 18:22 మాత్రమే చెప్పి 13:1-3 వదిలేయొద్దు. జరగకపోతే అబద్ధ ప్రవక్త అని మొదటిది. జరిగినా వేరే దేవుని వైపు తిప్పితే వినొద్దని రెండోది. నెరవేరడం ఒక్కటే పరీక్ష కాదు.

ఎర్రనేల
అయితే యోనా? "నలభై రోజులకు నీనెవె నాశనం" అన్నాడు, కాలేదు. యెహెజ్కేలు 26లో బబులోను రాజు నెబుకద్నెజరు సముద్రపు పట్టణం తూరును తొక్కేస్తాడన్నాడు, ద్వీపం దొరకలేదు. 18:22 ప్రకారం ఇద్దరినీ ఏం చేయాల?

తుంగభద్ర_గట్టు
యోనాకు యిర్మీయా 18:7-10 తాళంచెవి. ఒక జనాన్ని పెళ్ళగిస్తానన్నాక వాళ్ళు తిరిగితే నేనూ తిరుగుతా, కడతానన్నాక వాళ్ళు చెడితే అదీ తిరుగుతుంది. తీర్పు ప్రవచనం వరద హెచ్చరిక లాంటిది. 2009 అక్టోబర్‌లో కర్నూలును నీళ్ళు ముంచినప్పుడు చూసినాం కదా, హెచ్చరిక విని జనం లేచిపోతే "మనుషులు చనిపోతారు" అన్న మాట తప్పినందుకు ఎవరూ అలగరు. యోనా ఒక్కడు అలిగినాడు (4:1-2), దేవుడు ఇట్ల చేస్తాడని తనకు మొదటినుంచీ తెలుసట. నీనెవె చివరకు క్రీ.పూ. 612లో పడింది, అది నహూము మాట.

తూరుది గట్టి ప్రశ్నే. పదమూడేండ్ల ముట్టడి. యెహెజ్కేలే 29:17-18లో, తారీకు వేసి మరీ, నెబుకద్నెజరుకు తూరు కాడ కూలి కూడా దక్కలేదని రాసినాడు. ఎవరో చెరిపేయాలనుకుంటే ఆ మాట ఉండేది కాదు. 26:7-11లో "అతడు", 12లో "వారు" అని మారుతుంది. ఆ బహువచనంలోకి అలెగ్జాండరును చేరుస్తారు. 332లో ఏడు నెలలు ముట్టడించి, పాత ఊరి రాళ్ళూ మట్టీ సముద్రంలో పోసి కట్ట వేసినాడు. కానీ "మళ్ళీ కట్టబడవు" (26:14) అన్నదానికి నేటి లెబనాన్‌లో సూర్ పట్టణం జనంతో నిండి ఉంది. పాత రాజ్యం తిరిగి లేవలేదని కొందరు జవాబిస్తారు. నాకు అది సగమే సరిపోతుంది.

ఇదే వరసలో, దేవుడు "పశ్చాత్తాపపడ్డాడు" అన్నదానికి 1 సమూయేలు 15 ఒక్కటే చాలు. 11లో పడ్డాడు, 29లో పడేవాడు కాదు, 35లో మళ్ళీ పడ్డాడు. మూడుచోట్లా హీబ్రూ క్రియ ఒకటే. రాసినాయనకు ఆ తేడా కనపడక కాదు. భవిష్యత్తు దేవునికీ కొంత తెరిచే ఉందనే పక్షం 1990ల్లో బాగా వినబడింది. వాళ్ళు 11నూ ఆదికాండం 22:12నూ పట్టుకుని 29ని పలచన చేస్తారు. ఎదుటి పక్షం దానికి తిరగేసి చేస్తుంది.

కడప_చిన్నోడు
అందరికీ శానా థ్యాంక్స్. ఇట్ల గీస్తాండా: ఆరడుగులంటే 72 ఇంచులు. వారానికొక ఇంచు, 70 వారాలకు 70, అటూ ఇటూ అంచు ఒక్కో ఇంచు. 457 వరస పైన, 444 వరస కింద. సరేనా?

గుత్తి_కోట
కొలత బాగా కుదిరింది. పై వరసలో 70వ వారం క్రీ.శ. 27 నుంచి 34కు ఆగకుండా పోతుంది. కింది వరసలో 70వ వారం ఇంకా రాలేదని, 69 అయినాక ఎడం పెట్టాలంటారు. అదే కొలతతో గీస్తే 33 నుంచి ఇప్పటికి 280 ఇంచులు దాటుతాయి, దాదాపు ఇరవై నాలుగడుగులు. నీ ఫ్లెక్స్‌కు ఇంకో నాలుగు ఫ్లెక్సులు అతికించాల. అంత ఎడాన్ని చాలా చార్టులు రెండు వంకర గీతలతో దాటేస్తాయి. నువ్వూ అట్లే గీయి, కానీ "ఇక్కడ కొలత లేదు" అని పక్కన రాయి. పిల్లోళ్ళు ఆ ఎడం ఎంతుందో చూసి ప్రశ్న వేయనీ.

పెన్నమ్మ
డ్రాఫ్టు చూశా. ఎడమ మూల రెండో పెట్టెలో "కోరెషు" బదులు "కోరహు" అని పడింది. కోరహు సంఖ్యాకాండం 16లో నేల నోరు తెరిచి మింగినాయన. ఆయన చేత మందిరం కట్టించొద్దు.

కడప_చిన్నోడు
అయ్యో అక్కా! షాపుకు ఫోన్ చేస్తాండా.